ముసలి కోడి చారు

ఉదయం ఏడు కాకముందే కూకా రెండు కోళ్ల ఈకలు పీకేసింది. ఒకటి నల్లది, బాగా ముసలిది. రెండోది ఎర్రది, ఇంకా గుడ్లు పెడుతూనే ఉంది. రెండింటినీ బకెట్లో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి, రెండు వీధుల అవతలున్న వియ్యపురాలి ఇంటికి నడిచింది. కూతురు యాదిరా అక్కడే ఉంది, పచ్చి బాలింత. నలభై రోజులపాటు గడప దాటకూడదు, తలస్నానం చేయకూడదు, చల్లటి నీళ్లు ముట్టకూడదు, పంది మాంసం తినకూడదు. రోజూ మధ్యాహ్నం మాత్రం పెరటి కోడి చారు తాగి తీరాలి. కొట్లో అమ్మే తెల్లకోడి పనికిరాదు. అది నీళ్లతో ఉబ్బిన కోడి అంటారు శాన్ ఇసిద్రో పేటలో. బాలింతకి కావలసింది మట్టి గీరి, పురుగు ఏరుకుని పెరిగిన కోడి. అది ఎంత ముసలిదైతే చారుకి అంత బలం.

వియ్యపురాలు ఎదెల్మీరా వాకిట్లోనే ఎదురై బకెట్ మీద గుడ్డ ఎత్తి చూసింది.

"ఎర్రదాన్ని కూడా కోసేశావా వదినా? గుడ్లు పెట్టేదాన్ని?"

"పెట్టి ఎవరికి? గుడ్లు తినొద్దని పేటంతా చాటింది నేనే. ఇంట్లో దాన్ని కూర్చోబెట్టి మేపితే ఎలా?"

"అదీ నిజమేలే. గుడ్లమ్మ ఇంట్లోనే గుడ్లుంటే జనం నవ్విపోరూ."

ఎదెల్మీరా భారీ మనిషి. నోరు అంతకన్నా భారీ. బకెట్ అందుకుని వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీద పెద్ద పాత్రలో నీళ్లు అప్పటికే కాగుతున్నాయి. కోడిని ముక్కలు కొట్టి, ఎముకలు పగిలేలా కత్తి వెనక వైపుతో బాది, నీళ్లలో వేసి, చెంచాడు పుల్లటి సిర్కా పోసి మూత పెట్టింది. ఇక మధ్యాహ్నం దాకా సన్నని సెగ మీద ఉడకాలి. సిర్కా ఎముకలోని బలాన్ని చారులోకి లాగుతుందని ఎదెల్మీరా తల్లి చెప్పింది. ఆమెకి ఆమె తల్లి చెప్పింది.

కూకా లోపలికి తొంగిచూసింది. యాదిరా నడికట్టు బిగించుకుని, చెవుల్లో దూది పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. రెనాటా రొమ్ము పట్టుకుని కళ్లు మూసుకుని తాగుతోంది. మూడు వారాల పిల్లకి బుగ్గలు అప్పుడే వచ్చాయి. కూకా మనవరాలి అరికాలు ఒకసారి నిమిరి పనికి వెళ్లిపోయింది.

ఆమె అసలు పేరు రెఫూహియో అర్రెయోలా. ఆ పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరికీ కూకా. వయసుకి మర్యాద ఇచ్చేవాళ్లు దోన్యా కూకా అంటారు. ఏడాదిగా వెనకాల గుడ్లమ్మ అంటున్నారు.

పేట పుట్టిందే కొలిమి కోసం. సీసం కరిగించే ఆ కర్మాగారాన్ని అక్కడెవరూ దాని పేరుతో పిలవరు. కూకా మామగారు కొలిమిలో చేశాడు. మొగుడు సెవెరో అక్కడే మోకాళ్లు అరగదీసుకుని ఇంటికి చేరాడు. తీగ మీద ఆరేసిన దుప్పటిని రెండుసార్లు దులపనిదే మడతపెట్టకూడదని పేటలో ఆడపిల్లలకి నడక వచ్చేనాటికే తెలుసు. ఎందుకు దులపాలో మాత్రం ఎవరూ అడగలేదు. గాలి ఉన్నచోట దుమ్ము ఉంటుంది, అంతే.

రాష్ట్ర ఆరోగ్య శాఖ వాళ్లు వచ్చి బడిపిల్లల వేళ్లు గుచ్చి రక్తం తీశాక దుమ్ముకి పేరు వచ్చింది. రక్తంలో సీసం ఎంతుందో చెప్పే లెక్క అది, పిల్లలకి ఐదు దాటితే డాక్టర్లు కంగారు పడతారు. కూకా చిన్నకొడుకు నొయేకి పంతొమ్మిది వచ్చింది. బడిలో సభ పెట్టారు. రాజధాని నుంచి వచ్చిన ఒకాయన తెరమీద బొమ్మలు చూపించి గంటన్నర మాట్లాడాడు. ఆడవాళ్లు మర్యాదగా విన్నారు. సభ అయిపోయాక గేటు దగ్గర ఒకరినొకరు అడిగారు, ఆయన ఏం చెప్పాడని. కూకా అంది:

"దుమ్ములో సీసం ఉందట. పిల్లలు వేళ్లు చీకితే లోపలికి పోతుందట. పోయినది బుర్రలో కూర్చుంటుందట."

"ఆ మాత్రానికి గంటన్నరా?" అంది ఎవరో.

వెనకే వస్తున్న కుర్ర డాక్టరు ఉగార్తె ఆ మాట విన్నాడు. మర్నాడే ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. కూకా ఆరోగ్య కార్యకర్త అయింది అలాగే. చదువు ఆరో తరగతి. అంతకుముందు చేసిన పని ఇంట్లో కుట్టు మిషను మీద బడి బట్టలు కుట్టడం.

ఉగార్తె తెచ్చిన కరపత్రంలో పదకొండు సంగతులున్నాయి. ఇద్దరూ కూకా వంటింటి బల్ల దగ్గర కూర్చుని దాన్ని కుదించారు. పదకొండు చెబితే ఒక్కటీ గుర్తుండదని కూకా వాదన. ఉగార్తె ఒప్పుకున్నాడు, తన చదువులోనూ అదే చెప్పారట. చెయ్యి కడగడం ఉంచారు. ఇల్లు ఊడవకుండా తడిగుడ్డతో తుడవడం ఉంచారు. తర్వాతి వరస దగ్గర ఇద్దరూ ఆగారు. అందులో ఇలా ఉంది: పెరటి కోళ్ల గుడ్లు, కార్జం, ఎముకలు తినరాదు.

"ఎముకలు ఎవరు తింటారు డాక్టర్?" అంది కూకా. "కుక్కలు తింటాయి. కుక్కలకి కరపత్రం వేస్తామా?"

ఉగార్తె నవ్వి ఎముకలు కొట్టేశాడు. కార్జం పిల్లలు ముట్టరని అదీ తీసేశారు. మిగిలింది గుడ్డు. చెయ్యి, నేల, గుడ్డు. మూడు వేళ్లు మడిచి చెబితే పసివాడు కూడా అప్పజెబుతాడు.

గుడ్డు మాట అంత తేలిగ్గా దిగలేదు. పేటలో ప్రతి పెరట్లోనూ కోళ్లున్నాయి. పొద్దున్నే బడికెళ్లే పిల్లాడికి గుడ్డు, మొక్కజొన్న రొట్టె పెట్టకపోతే ఆ తల్లిని తల్లి అనరు. కూకా ఇంటింటికీ తిరిగింది. కొలిమిలో పనిచేసి దిగిపోయిన ముసలాళ్లు అరుగుల మీద కూర్చుని ఎగతాళి చేశారు.

"ఏం దోన్యా కూకా, నాలో ఎంత సీసం ఉందో చూసి చెప్పు. నేను పోయాక పాతిపెట్టడం ఎందుకు, కరిగించి లారీ బ్యాటరీ చేయించుకుంటారు మావాళ్లు."

"నీలో ఉన్నది సీసం కాదు తాతా, సారా. బ్యాటరీ కాదు, దీపం వెలుగుతుంది," అని సాగిపోయేది కూకా.

ఆమెకి కోపం రాదు. ఒకే మాట అదే గొంతుతో మళ్లీ చెబుతుంది. నొయే రక్తం లెక్క దాచకుండా చెబుతుంది. "నా కొడుకుది పంతొమ్మిది. నేనే పెట్టాను ఆ గుడ్లు" అంటుంది. ఆ మాటకి తలుపులు తెరుచుకున్నాయి. ఎదెల్మీరా మాత్రం గుమ్మంలో నిలబెట్టి ప్రశ్నలేసింది. వాళ్ల ఇంట్లో కోళ్లు అందరికన్నా ఎక్కువ.

"గుడ్డు తినకూడదు, సరే. మరి కోడి?"

"కండలో సీసం నిలవదన్నాడు డాక్టరు. మాంసం తింటే ఏం కాదు."

"నీ నోటితో చెబుతున్నావు కదా?"

"నా నోటితోనే చెబుతున్నా."

ఎదెల్మీరా ఒప్పుకుంటే ఆ వీధి ఒప్పుకున్నట్టే. ఏడాది తిరిగేసరికి చిన్నపిల్లల రక్తంలో లెక్కలు కొంచెం దిగాయి. నొయేది పదమూడుకి వచ్చింది. ఆరోగ్య శాఖ వాళ్లు కూకాకి ఒక చేతిసంచీ ఇచ్చి, ఫోటో తీశారు.

గుడ్లు మానేశాక కోళ్ల సంగతి ఏమైందని అప్పుడెవరూ ఆలోచించలేదు. పేటలో ఏదీ పారేయరు. పనికిరానిదాన్ని ఎవరికి పనికొస్తుందో వాళ్లకి పంపుతారు. బాలింత ఉన్న ఇంటికి పెరటి కోడి పంపడం పాత మర్యాదే. పూర్వం చుట్టాల నుంచి నాలుగైదు వచ్చేవి, మిగతా రోజులు కూరగాయల చారుతో గడిచేది. ఇప్పుడు గుడ్లు తినే ఇల్లు లేదు, కోడిని ఉంచుకునే అవసరం లేదు. ప్రతి ఇంటి నుంచీ కోడి బయల్దేరింది. ఆ ఏడు బిడ్డని కన్న ఏ ఆడదానికీ చారు ఒక్క పూట కూడా తప్పలేదు. ఇంత వైభోగం మా కాలంలో ఎరగమని ముసలమ్మలు మురిసిపోయారు. యాదిరాకి కాన్పయినప్పుడు కానుకగా వచ్చిన కోళ్లని కట్టేయడానికి ఎదెల్మీరా పెరట్లో తాడు చాలలేదు.

కూకా కోళ్ల బకెట్ ఇచ్చి వచ్చిన ఆ రోజే ఉగార్తె ఆమెని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి తలుపు వేశాడు. ఆరోగ్య కేంద్రంలో కొత్తగా బాలింతల రక్తం కూడా తీస్తున్నారు.

"పిల్లల లెక్కలు దిగుతున్నాయి దోన్యా కూకా. తల్లులవి ఎక్కుతున్నాయి. కాన్పుకి ముందు ఆరు, ఏడు ఉన్నవాళ్లకి తర్వాత పన్నెండు, పద్నాలుగు వస్తున్నాయి. కాన్పప్పుడు సొంత ఎముకల్లోంచి కొంత కరుగుతుంది, నిజమే. కానీ ఇంతా? వాళ్లు ఇల్లు కదలరు కదా?"

"నలభై రోజులు కదలరు."

"దుమ్ములో పని చేస్తారా?"

"చీపురు ముట్టనివ్వరు."

"ఏం తింటారు?"

"చారు. కోడి చారు. రొట్టె."

ఉగార్తె కలంతో బల్ల మీద కొడుతూ కూర్చున్నాడు. రాజధానిలో పుట్టినవాడు, పెళ్లి కానివాడు. అతను అడిగిన తర్వాతి ప్రశ్న ఊరికే అడిగినట్టుంది.

"ఎంతసేపు ఉడుకుతుంది ఆ చారు?"

"పొద్దున పెడితే మధ్యాహ్నం దించుతాం. ఎముకలు బాది, సిర్కా పోసి పెడతాం, బలం దిగాలని..."

మాట మధ్యలో కూకా ఆగిపోయింది. ఉగార్తె కలం కూడా ఆగింది. కోడి తిన్న సీసం కండలో నిలవదు, నిజమే. అది వెళ్లి కూర్చునేది ఎముకలో. ఎన్నేళ్లు బతికితే అన్నేళ్లదీ అక్కడే పేరుకుంటుంది. పులుపు తగిలితే కరిగి బయటికి వస్తుంది. ఇద్దరికీ ఒకేసారి ఆ వంటింటి బల్ల గుర్తొచ్చింది.

"కొట్టేసింది నేను," అన్నాడు ఉగార్తె.

"కొట్టేయమన్నది నేను."

"ముందు పరీక్షకి పంపాలి. ఒక గాజు డబ్బాలో చారు తీసుకురండి. ఫలితానికి వారం పడుతుంది. ఇంకొక మాట, జాగ్రత్తగా వినండి. మీరు వెళ్లి మొదట చెప్పాల్సింది పాలు మానొద్దని. ఈ మాత్రం లెక్కకి తల్లి పాలు ఆపనక్కర్లేదు. ఆపితేనే నష్టం. పాల మాట ముందు, చారు మాట తర్వాత. వరస తప్పొద్దు."

"తప్పను," అంది కూకా.

వరస తప్పింది. ఆమె ఎదెల్మీరా ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం అయింది. యాదిరా చేతిలో గిన్నె ఉంది, ఆవిరి పైకి లేస్తోంది. సగం తాగేసింది. ఏడాదిపాటు వందల గుమ్మాల్లో గొంతు పెంచకుండా మాట్లాడిన మనిషి, కూతురి చేతిలోంచి గిన్నె లాక్కుంది.

"ఇక తాగకు. ఇది తాగకూడదు."

చారు దుప్పటి మీద ఒలికింది. రెనాటా ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. ఎదెల్మీరా వంటింట్లోంచి గరిటెతో వచ్చింది.

"ఏమైంది వదినా? పిచ్చి పట్టిందా?"

"ఎముకల్లో సీసం ఉంది. చారులోకి దిగుతోంది. బాలింతల రక్తంలో లెక్క పెరిగింది."

"ఎవరు చెప్పారు?"

"ఉగార్తె."

"ఏడాది కింద కోడి తింటే ఏం కాదని చెప్పింది కూడా ఆ ఉగార్తేనేగా? నా గుమ్మంలో నిలబడి నువ్వే అన్నావు, నీ నోటితో. నేను రెండుసార్లు అడిగాను. అడిగానా లేదా?"

"అడిగావు."

"మరి ఇప్పుడేమిటి? తెలిసిందా, అనుమానమా?"

"చారు పరీక్షకి పంపాలి. వారం పడుతుంది."

"అయితే వారం తర్వాత రా. తెలియకుండానే నోటికాడ గిన్నె లాగేస్తావా? బాలింతకి చారు ఆపితే పాలు ఎండిపోతాయి. ఆ పిల్లకి నువ్వు వచ్చి పాలిస్తావా?"

"తెల్లకోడి తెచ్చి వండు. నేను తెస్తాను."

"ఆ నీళ్లకోడా? ఆసుపత్రిలో చావబోయేవాళ్లకి పోస్తారు ఆ చారు. నా కోడలికి కాదు."

ఇద్దరూ వంటింట్లోకి వెళ్లి అక్కడ దెబ్బలాడుకున్నారు. కొలిమి మాట వచ్చింది, కూకా జీతం మాట వచ్చింది, పెళ్లిలో ఎవరు ఎవరిని పలకరించలేదో ఆ మాట కూడా వచ్చింది. చివరికి కూకా గాజు డబ్బా నిండా చారు పోసుకుని బయటపడింది. యాదిరా నోరు విప్పలేదు. ఆమె చిన్నప్పటి నుంచీ అంతే. ఏదైనా మనసులో పడితే అడగదు, తనే తేల్చుకుంటుంది.

పాల మాట కూకా నాలుక మీదే ఉండిపోయింది.

తర్వాత మూడు రోజులు ఎదెల్మీరా ఆమెని గడప తొక్కనివ్వలేదు. నాలుగో రోజు సెవెరో మనవరాలిని చూడ్డానికి కుంటుకుంటూ వెళ్లి వచ్చాడు.

"పిల్ల బాగుందా?" అంది కూకా.

"బానే ఉంది. సీసాతో తాగుతోంది."

"ఏ సీసా?"

"పాల సీసా. డబ్బా పాలు. యాదిరా గుడ్డ బిగించి కట్టుకుంది. పాలు ఎండగట్టుకుంటోందట. అత్త ఎంత తిట్టినా వినలేదట."

కూకా శాలువా కూడా వేసుకోకుండా పరుగెత్తింది. ఎదెల్మీరా ఈసారి ఆపలేదు. ఆమె ముఖం కూడా వాడిపోయింది.

యాదిరా మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది.

"ఎందుకు మానేశావే?"

"నువ్వే చెప్పావుగా. చారులో ఉంది, రక్తంలో ఉందని. రక్తంలో ఉంటే పాలలో ఉండదా? నొయేకి గుడ్లు నేనే పెట్టానని నువ్వు ఊరంతా చెప్పుకుని తిరుగుతావు. నేను కూడా అలా చెప్పుకుని తిరగాలా?"

కూకా మంచం అంచున కూర్చుంది. తన గుమ్మం మాటల్లో అన్నిటికన్నా పనిచేసిన మాట అది. ఆ మాట తన కూతురు ఇలా విన్నదని ఆమెకి ఎప్పుడూ తట్టలేదు.

"పాలు మానొద్దన్నాడు డాక్టరు," అంది. "అదే ముందు చెప్పమన్నాడు. నేను చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"గిన్నె చూశాక అన్నీ మర్చిపోయాను."

ఎదెల్మీరా గుమ్మంలో నిలబడి వింది. దెప్పుతుందని కూకా ఎదురుచూసింది. ఆమె లోపలికి వచ్చి కోడలి వీపు మీద గుడ్డ ముడి విప్పడం మొదలుపెట్టింది.

"పట్టించు. ఇంకా పూర్తిగా ఎండలేదు. పట్టిస్తూ ఉంటే వస్తాయి," అంది. తర్వాత కూకా వైపు చూడకుండా, "వదినా, ఆ తెల్లకోడి తెస్తానన్నావుగా, తే" అంది.

రెనాటా అప్పటికే సీసా రుచి మరిగింది. రొమ్ము అందిస్తే తల తిప్పుకుని ఏడ్చింది. డబ్బా పాలు పడక రెండు రోజులు విరేచనాలు పట్టుకున్నాయి.

చారు ఫలితం వచ్చింది. తాగే నీళ్లలో సీసం ఇంతకి మించకూడదని ఒక హద్దు ఉంది. ఎదెల్మీరా పొయ్యి మీది చారులో దానికి పదిహేను రెట్లుంది. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి పక్క హాల్లో సభ పెట్టారు. సభ సంగతి ఎలా తెలిసిందో, కొలిమి తరఫున ప్రజాసంబంధాల అధికారి ఒర్దాస్ కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. బయట వ్యానులో మంచుపెట్టెల నిండా తెల్లకోళ్లు తెచ్చాడు. పేట బాలింతలకి కంపెనీ కానుక.

కూకా లేచింది. ఈసారి వరస గుర్తుపెట్టుకుంది.

"పాలిచ్చే తల్లులు పాలు మానొద్దు. అది మొదటి మాట. పెరటి కోడి చారు తాగొద్దు. అది రెండో మాట. కోడి తింటే ఏం కాదని పోయిన ఏడు మీ గుమ్మాల్లో చెప్పింది నేను. తప్పు చెప్పాను. కరపత్రంలో ఎముకలు అన్న మాట ఉండేది. ఎముకలు ఎవరు తింటారని తీయించాను."

కలంతో కొట్టేసింది తనేనని ఉగార్తె లేచి చెప్పాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. వాళ్లకి మాట ఇచ్చింది అతను కాదు.

వెనక వరసలోంచి ఒక ముసలమ్మ అడిగింది. "ఇంకా ఏమేం తీయించావు కూకా?"

"కార్జం. అదీ తినొద్దు."

"అవి కాక? మాకు చెప్పనివి ఇంకేమున్నాయి?"

"తెలిసినవి ఇక లేవు. తెలియనివి ఉంటే నాకు తెలియదు."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఒర్దాస్ చెయ్యెత్తి లేచాడు.

"అమ్మలారా, నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. మా పొగ ఏటేటా తగ్గుతోంది, లెక్కలున్నాయి. మొదట గుడ్లన్నారు, ఇప్పుడు చారంటున్నారు. రేపు రొట్టెలంటారు. పాపం, దోన్యా కూకా మంచి మనసుతోనే చెబుతోంది. కానీ మీ తాతముత్తాతల వంటని ఇలా అనుమానిస్తూ పోతే ఎక్కడ ఆగుతాం?"

కొందరు తలలూపారు. కూకా అది చూసింది. ఏడాదిపాటు నడిచి సంపాదించినది ఆ తలలు ఊగినంత సేపట్లో పోవడం ఆమె నిలబడి చూసింది.

ఎదెల్మీరా కుర్చీ చప్పుడు చేస్తూ లేచింది.

"అయ్యా, నువ్వు పెళ్లయినవాడివేనా?"

"అవునండి."

"పిల్లలు?"

"ఇద్దరు."

"మూడోసారి మీ ఆవిడకి కాన్పయితే చెప్పు. మా పెరట్లో ముసలి కోళ్లు ఇంకా తొమ్మిదున్నాయి. నేనే వచ్చి మీ వంటింట్లో చారు కాచి పోస్తాను. తాతముత్తాతల వంటే. వద్దనవుగా?"

ఎవరో పకాలున నవ్వారు. ఒర్దాస్ కూడా నవ్వబోయి మానేశాడు. ఎదెల్మీరా మాత్రం నవ్వలేదు. ఆమె కూకా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పిన మాట విని నా చేత్తో కాచాను. నా కోడలికి నా చేత్తో పోశాను. అది నేను మర్చిపోను వదినా. కానీ ఆ పాత్ర ఇక పొయ్యి ఎక్కదు."

ఆమె కూర్చుంది. సభ అయిపోయాక చాలామంది కూకాతో మాట్లాడకుండానే వెళ్లారు. వెళ్తూ వెళ్తూ వ్యాను దగ్గర ఆగి తలా ఒక తెల్లకోడి అందుకున్నారు. వద్దనాలో వద్దనకూడదో కూకాకి తెలియలేదు. ఆ కోళ్లలో సీసం లేదు, ఆ మాట నిజం. ఇచ్చిన చెయ్యి ఎవరిదన్నది వేరే మాట. ఆమె పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.

సోమవారం నుంచి మళ్లీ ఇంటింటికీ బయల్దేరింది. కరపత్రం కొత్తది అచ్చవలేదు. అయినా ఆగలేదు. బాలింతలున్న ఇళ్లు ముందు, నెలలు నిండినవాళ్ల ఇళ్లు తర్వాత. కొన్నిచోట్ల తలుపు తీసి విన్నారు. కొన్నిచోట్ల లోపల రేడియో మోగుతున్నా తలుపు తీయలేదు. ఒక ఇంట్లో అత్తగారు, "సరేనమ్మా, ఆపేస్తాం" అంది. ఆమె వెనక పొయ్యి మీద మూత పెట్టిన పాత్ర ఉడుకుతూనే ఉంది. సిర్కా వాసన గుమ్మం దాకా వచ్చింది. కూకా గిన్నె లాక్కోలేదు. గుమ్మంలోనే చతికిలబడి, చెప్పిందే మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఆ ఇంటికి ఆ వారంలో ఇంకో రెండుసార్లు వెళ్లింది.

యాదిరాకి పాలు సగమే తిరిగొచ్చాయి. మిగతా సగం సీసాతోనే గడుస్తోంది. రెనాటాకి మూడో నెల నిండాక ఆరోగ్య కేంద్రంలో ఇద్దరికీ రక్తం తీశారు. తల్లిది పద్నాలుగు నుంచి పదకొండుకి దిగింది. పిల్లకి ఆరు, ఐదుకి ఒకటి పైన.